గోడ లోపలి పనితనం మలంచా గ్యారేజీలకూ కావాలి

గౌరవనీయులైన చీఫ్ వర్క్స్ మేనేజర్ గారికి,
ఖరగ్‌పూర్ వర్క్‌షాప్, ఆగ్నేయ రైల్వే.



మా తాత బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మీ క్యారేజి షాపులో ఫిట్టరుగా చేరాడు. మా నాన్న కూడా మీ దగ్గరే రిటైరయ్యాడు. నేను మలంచాలో పుట్టి పెరిగాను, ఇక్కడే ఉంటున్నాను. ఈ లేఖలో ఉద్యోగం ఊసు లేదు, క్వార్టరు ఊసు లేదు. మీ గోడల లోపల వందేళ్ళకు పైగా పోగుపడిన పనితనంలో కొంచెం, కొన్ని సాయంత్రాలపాటు, ఊళ్ళోకి పంపమని అడుగుతున్నాను. కార్ల వీల్ బేరింగు చెడిందో లేదో ఎలా తేల్చాలో, చెడితే ఎలా మార్చాలో మలంచా రోడ్డు గ్యారేజీల్లో పనిచేసే కుర్రాళ్ళకు మీ ఫిట్టర్లు నేర్పాలి.

రైల్వే వర్క్‌షాప్‌కూ కారు చక్రానికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళుంటారు. ఆ సంబంధం బేరింగే. మీ కోచ్ బేరింగు లోపలి వ్యాసం 130 మిల్లీమీటర్లు, చిన్న కారుది 40 అటూ ఇటూ. లోపల ఒక రేసు, బయట ఒక రేసు, మధ్యలో బంతులో రోలర్లో, వాటిని చెదరనివ్వని పంజరం, గ్రీజు, నీళ్ళూ దుమ్మూ రాకుండా సీలు. రెండింటి నిర్మాణమూ ఇదే. రెండూ చెడిపోయే కారణాలు కూడా చాలావరకు అవే.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో కారు కొన్నారంటే సొంతూరి ప్రయాణం కోసమే అనుకోవాలి. సంక్రాంతికో పెళ్ళికో బయలుదేరితే 16వ నంబరు జాతీయ రహదారి మీద బాలేశ్వర్, కటక్, భువనేశ్వర్, బరంపురం దాటి ఇచ్ఛాపురం చేరాలి. విశాఖ దాకా వెళ్ళేవాళ్ళకు 750 కిలోమీటర్ల పైమాటే. మనుషులతో సీట్లు నిండి, డిక్కీ నిండి, పైన క్యారియరు కూడా నిండుతుంది. బాల్ బేరింగు ఆయుష్షు దాని మీద పడే బరువు ఘనానికి విలోమంగా ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ లేఖ చదివే కారు యజమానులకు మాత్రం చెప్పాలి: బరువు పావు వంతు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడుతుంది. రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఏడాదంతా గోల్‌బజార్‌కూ ఇందాకూ తిరిగి ఏ ఇబ్బందీ చూపించని బేరింగు, ఆ ఒక్క ప్రయాణంలో బయటపడుతుంది. అది కూడా రాత్రిపూట, ఏ ఢాబా వెలుగూ లేని చోట.

దీనికి తోడు మన ఎర్రమట్టి. ఎండాకాలం అంతా దుమ్మై లేచి, వానాకాలంలో నీళ్ళలో కలిసి హబ్బు దాకా వస్తుంది. సీలు పెదవి ఏ కాస్త అరిగినా ఆ నీళ్ళు లోపలికి దిగి గ్రీజుని పాడుచేస్తాయి. నీళ్ళు ఎండిపోయాక మిగిలే సన్నటి ఇసుక బంతులతో పాటు తిరుగుతూ రేసుని నూరుతుంది. నీళ్ళు నిలిచిన రోడ్డులో బండిని దింపి తెచ్చిన వారానికో నెలకో మోత మొదలైతే ఆశ్చర్యపోవలసింది లేదు. కారు కడిగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి ఉన్న నీటి ధారను నేరుగా హబ్బు మధ్యలోకి కొట్టే అలవాటు కూడా మానాలి. వాన చేసే చెరుపునే అదీ చేస్తుంది.

ఇక గ్యారేజీలో ఏం జరుగుతుందో చూడండి. యజమాని వచ్చి చక్రం దగ్గర మోత వస్తోందంటాడు. మెకానిక్కు ఒక రౌండు తోలి, టైరు అనో బేరింగు అనో తేల్చేస్తాడు. ఏ వైపుదో తెలియక కొందరు ముందు రెండూ మారుస్తారు, కొందరు నాలుగూ మారుస్తారు. టైర్లు జతగా మార్చడానికి కారణం ఉంది గానీ, బేరింగుకు ఆ నియమం లేదు. చెడినదాన్ని మార్చి, మిగిలిన మూడింటినీ పరీక్షించి వదిలేయవచ్చు. పరీక్ష తెలియకపోవడం వల్లే ఆ అదనపు ఖర్చు యజమాని నెత్తిన పడుతోంది.

ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బేరింగు మోత సన్నగా మొదలై వేగంతో పాటు బొంయ్‌మని పెరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద క్లచ్ తొక్కి ఇంజన్ని నెమ్మదించనిస్తే, ఇంజనుదైన మోత మారుతుంది. బేరింగుది మారదు, ఎందుకంటే చక్రం ఇంకా అదే వేగంతో తిరుగుతోంది. గరుకు తారు మీంచి నున్నటి సిమెంటు రోడ్డెక్కగానే స్వరం మారిపోతే అది టైరు. అప్పటికీ అనుమానం తీరకపోతే ముందు టైర్లను వెనక్కీ, వెనక వాటిని ముందుకూ మార్చి తోలాలి. మోత కూడా చోటు మారితే టైరుదే తప్పు. తర్వాత మెల్లగా కుడికీ ఎడమకూ ఊపుతూ తోలాలి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. అప్పుడు మోత హెచ్చితే ఎడమ బేరింగును అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు మాత్రమే టకటకమంటే అది బేరింగు కాదు, డ్రైవ్ షాఫ్టు చివర ఉండే సి.వి. జాయింటు. ఈ రెండింటినీ కలిపేసి షాఫ్టు మొత్తం మార్చిన బిల్లులు మలంచాలో నేను చూశాను.

ఆ తర్వాత బండిని జాకీతో లేపాలి, కింద స్టాండు పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టడం ఎవరూ చేయకూడదు. చక్రాన్ని పైనొక చేత్తో, కిందొక చేత్తో పట్టి లోపలికీ బయటికీ కదపాలి. టక్కుమని ఊగితే, ఒక మనిషిని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ కదపాలి. బ్రేకు పడగానే ఆ ఊగు పోతే అది బేరింగుది. అయినా మిగిలితే బాల్ జాయింటుదో మరొకదానిదో. పక్కల నుంచి పట్టి కదిపినప్పుడు మాత్రమే ఊగితే ముందుగా స్టీరింగు రాడ్లను చూడాలి. చివరగా ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద వేసి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పాలి. మంచి బేరింగు అయితే స్ప్రింగులో ఏమీ తెలియదు. చెడినదైతే గరగరమనే వణుకు వేళ్ళకు అందుతుంది, చెవికి ఏమీ వినిపించకపోయినా సరే. కొత్త కార్లలో చాలావాటికి బేరింగు ఊగు మొదలవకముందే మోత వస్తుంది కాబట్టి, చక్రం ఊగలేదు గనక బేరింగు బాగుందని తేల్చడం పొరపాటు.

ఊగు బాగా ముదిరితే ఇంకొక ప్రమాదం. హబ్బుతో పాటు బ్రేకు డిస్కు కూడా ఒరిగి, ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. తర్వాత బ్రేకు మీద కాలు వేసినప్పుడు పెడలు మొదటి తొక్కుకు కిందికి జారిపోతుంది. చక్రం ఊడిపోవడం దాకా ఎవరూ తెచ్చుకోరనుకుందాం. ఈ ఒక్క తొక్కు చాలు హైవే మీద ప్రాణాలు పోవడానికి.

మీ దగ్గర ఈ విషయంలో ఎంత జాగ్రత్త ఉందో ఈ ఊళ్ళో పుట్టినవాడిగా నాకు తెలుసు. హాట్ యాక్సిల్ అనే మాట తెలియని ఇల్లు ఖరగ్‌పూర్‌లో అరుదు. పాత బండ్లలో తెల్లలోహం పూసిన కంచు బేరింగులుండేవి, నూనెలో నానిన దూది వాటికి తడి అందించేది. ఆ తడి ఆరితే పెట్టె వేడెక్కి పొగలు వచ్చేవి. బండి స్టేషన్లోకి వస్తుండగానే రెండు వైపులా నిలబడి చక్రాలనూ యాక్సిల్ పెట్టెలనూ చూసే టి.ఎక్స్.ఆర్. సిబ్బంది, బండి ఆగాక వాటి వేడిని చూడడం, దాటిపోయే ప్రతి బండినీ గమనించి పచ్చజెండా చూపించే స్టేషను సిబ్బంది, ఇదంతా ఒక చిన్న ఉక్కు ఉంగరం మాట వినడానికి ఏర్పడిన వ్యవస్థ. ఇప్పుడు రోలర్ బేరింగులొచ్చాయి. వేడి కొలిచే గన్నులొచ్చాయి. పట్టాల పక్కన మైకులు పెట్టి, పరుగెత్తే బండి బేరింగు శబ్దాన్ని బట్టి లోపాన్ని ముందుగానే పట్టే యంత్రాలు కూడా వచ్చాయి. పక్క వీధి మెకానిక్కు చెవికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు.

పరీక్ష కంటే పెద్ద లోపం బిగింపులో ఉంది. ఈ లేఖకు అసలు కారణం అదే.

మా కారు ముందు చక్రం బేరింగును ఇక్కడి గ్యారేజీ ఒకటి మార్చింది. మంచి కంపెనీ బేరింగే, కొత్తదే. వానాకాలం తిరక్కుండానే మళ్ళీ మోత. విప్పి చూస్తే రేసులో బంతుల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా వరసగా సన్నటి గుంటలు. అవి తిరిగి తిరిగి పడ్డవి కావు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టినప్పుడు, చక్రం ఒక్కసారైనా తిరగకముందే పడ్డవి. ఆ పని చేసిన కుర్రాడు నెమ్మదస్తుడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. అతని దగ్గర ప్రెస్సు లేదు, అది ఎందుకు కావాలో చెప్పినవాళ్ళూ లేరు.

ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో బేరింగు బయటి రేసు నకిలులో, అంటే బేరింగును పట్టి ఉంచే దిమ్మలో, బిగువుగా కూర్చుంటుంది. లోపలి రేసులోకి హబ్బు బిగువుగా దిగుతుంది. బేరింగును నకిలులోకి నెట్టేటప్పుడు బలం బయటి రేసు మీదే పడాలి. హబ్బును దించేటప్పుడు లోపలి రేసుకు కింద దన్ను ఉండాలి. రెండుసార్లూ బలం బంతుల గుండా పోకూడదు. లోపలి రేసు మీద కొట్టి బయటి రేసును లోపలికి దింపితే, ఆ దెబ్బంతా బంతులు రేసును తాకే అతి చిన్న చోట్ల మీద పడి గుంటలు తీస్తుంది. గోతిలో చక్రం పడ్డప్పుడు జరిగేదీ ఇదే. ఉక్కు గట్టిదనాన్ని గుండుతో నొక్కి కొలిచే పద్ధతి కనిపెట్టిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరునే ఈ గుంటలకు పెట్టారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మలంచాలో సగం బేరింగులు రెండింతలు బతుకుతాయని నా నమ్మకం.

మీ షాపులో స్ఫెరికల్ రోలర్ బేరింగును ఇండక్షన్ హీటరుతో వేడిచేసి, అది వ్యాకోచించాక జర్నలు మీదికి తొడుగుతారు. కార్ట్రిడ్జి బేరింగునైతే హైడ్రాలిక్ ప్రెస్సుతో ఎక్కించి, ఎంత బలానికి కూర్చుందో రాసుకుంటారు. అక్కడ బేరింగు దగ్గర సుత్తి ఎత్తితే మీ సూపర్‌వైజరు ఊరుకోడు. ఆ క్రమశిక్షణే కావాలి ఇక్కడ, కోటి రూపాయల యంత్రాలు అక్కర్లేదు. చేతితో ఆడించే చిన్న ప్రెస్సూ, సరైన కొలతల కప్పులూ, ఒక టార్కు రెంచీ నాలుగైదు గ్యారేజీలు కలిసి కొనుక్కోగలవు.

తరగతిలో ఏం చెప్పాలో మీ ఫిట్టర్లకు నేను చెప్పడం దుస్సాహసమే. అయినా మా గ్యారేజీల్లో ఎక్కడ పని తప్పుతోందో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. చక్రం నేలమీద ఉండగానే యాక్సిల్ నట్టు వదులు చేయాలి, బండి లేపాక కాదు. క్యాలిపరును విప్పాక దాన్ని తీగతో కట్టి వేలాడదీయాలి, బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు. చక్రం వేగాన్ని కొలిచే ఎ.బి.ఎస్. సెన్సరును ముందే జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాలి. పాత బేరింగు బయటికి వచ్చినప్పుడు లోపలి రేసు సగం హబ్బు మీదే ఉండిపోతుంది. దాన్ని పుల్లరుతో లాగాలి, గ్యాసు మంట పెట్టకూడదు. మంట తగిలిన హబ్బు ఉక్కు తన గుణం కోల్పోతుంది. సర్‌క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి.

ఎ.బి.ఎస్. ఉన్న చాలా కార్ల బేరింగులకు ఒక వైపు సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. కంటికి రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. ఆ పట్టీ ఉన్న వైపు సెన్సరు వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది, పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. బేరింగును స్పీకరు మీదో అయస్కాంతం ఉన్న ట్రేలోనో పెట్టడం కూడా ఆ పట్టీకి మంచిది కాదు.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది చివరి నట్టు. దాన్ని గాలి గన్నుతో దడదడమని బిగించి వదిలేస్తారు. ఆ నట్టు బిగువే లోపలి రేసు రెండు సగాలనూ ఒకదానికొకటి అదిమిపట్టి ఉంచుతుంది. ఎంత బిగువు కావాలో కారు మోడలును బట్టి మారుతుంది, కంపెనీ మాన్యువల్లో ఉంటుంది. టార్కు రెంచీతో ఆ అంకెకే బిగించాలి, అదీ కొత్త నట్టుతో. ఆ బిగువు రాకముందు బండి బరువు చక్రం మీద పడకూడదు, బండిని ఒక్క అడుగు కూడా నెట్టకూడదు. పాత బండ్లలోనూ లారీల్లోనూ ఉండే కప్పూ కోను బేరింగులది వేరే లెక్క. చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ కొంచెం వదిలి, కాస్త ప్లే ఉంచి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. వీటిని గట్టిగా బిగించడమే మంచిదనుకునేవాళ్ళు చాలామంది. గట్టిగా బిగిస్తే వేడెక్కి నీలంగా మారి చచ్చిపోతాయి.

మీ దగ్గర ఇంకొక నిధి ఉంది, మీ లెక్కల్లో అది స్క్రాపు. పనికిరావని తీసేసిన బేరింగులు. వాటిలో కొన్నింటిని కోసి, తరగతి బల్ల మీద పరిచి పెట్టండి. బంతుల దూరంలో గుంటలుంటే దెబ్బ తగిలిందని, ఒకే చోట పెచ్చులూడితే బరువు ఆ చోటే పడిందని, రోలర్ల దూరంలో గోధుమరంగు మరకలుంటే నీళ్ళు దిగి బండి కదలకుండా నిలబడిందని, నీలం రంగు తేలితే గ్రీజు చాలక వేడెక్కిందని, బయటి రేసు వెలుపల అద్దంలా నునుపుదేలితే అది తన గూట్లో బిగువు తప్పి తిరిగిందని మీ వాళ్ళు చేత్తో పట్టుకుని చెప్పగలరు. పదేళ్ళు గ్యారేజీలో ఉన్నవాడు కూడా పాత బేరింగును చెత్తబుట్టలో పడేస్తాడే తప్ప చదవడు. చదవడం వస్తే అదే తప్పు రెండోసారి జరగదు. కొత్త బేరింగు వేసే ముందు నకిలు గూడు అరిగిందేమో చూడాలని కూడా అప్పుడే తెలుస్తుంది.

నకిలీ పెట్టెల సంగతి కూడా ఒక గంట చెప్పించండి. ఇక్కడికి రైల్లో రెండు గంటల దూరంలో జంషెడ్‌పూర్‌లో టిమ్‌కెన్ కర్మాగారం ఉంది, రైల్వేకు కూడా అక్కణ్ణుంచి బేరింగులొస్తాయి. అయినా మన బజార్లో ముద్ర ఒకటి, సరుకు ఒకటి ఉన్న పెట్టెలు అమ్ముడవుతున్నాయి. ఎస్.కె.ఎఫ్. లాంటి కంపెనీలు అసలుదో కాదో ఫోనుతో పరీక్షించుకునే ఏర్పాటు చేశాయి. కుర్రాళ్ళందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఆ ఏర్పాటు ఉన్నట్టు వాళ్ళకు చెప్పే మనిషి కావాలి.

రైల్వే బయటివాళ్ళకు చదువు చెప్పడమేమిటి, దానికి ఉత్తర్వు ఎక్కడుంది అని మీ ఆఫీసులో ఎవరైనా అడగవచ్చు. దారి మీ శాఖే వేసింది. 2021 సెప్టెంబరు 17న మొదలైన రైల్ కౌశల్ వికాస్ యోజన కింద 75 రైల్వే శిక్షణ కేంద్రాల్లో బయటి యువతకు ఎలక్ట్రీషియన్, వెల్డర్, మెషినిస్టు, ఫిట్టరు పనులు ఉచితంగా నేర్పాలని నిర్ణయించారు. శిక్షణ 100 గంటలు. అది పొందినవాళ్ళకు రైల్వే ఉద్యోగంలో హక్కు ఉండదని కూడా ముందే చెప్పారు. అంటే రైల్వే పనితనం రైల్వే బయట బతకాలన్నదే ఆ పథకం ఉద్దేశం. నేను అడుగుతున్నది అందులో పదో వంతు. ఒక్క చిక్కు ఉంది: ఆ పథకానికి పదో తరగతి పాసై, 18 నుంచి 35 ఏళ్ళ లోపు ఉండాలి. మా గ్యారేజీల్లో మంచి చేతులున్నవాళ్ళలో కొందరు ఎనిమిదితో ఆపేశారు, కొందరికి నలభై దాటాయి. వాళ్ళ కోసం సర్టిఫికెట్టు లేని, హాజరు పట్టీ మాత్రమే ఉన్న సాయంత్రపు తరగతి పెట్టండి. భద్రత కారణాల వల్ల షాపు గేటు లోపలికి రానివ్వలేకపోతే గేటు బయట శిక్షణ గదిలోనే పెట్టండి.

హిందీ, బెంగాలీ, తెలుగు మూడూ మాట్లాడే ఫిట్టర్లు మీ దగ్గర ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మా పేటలో మిఠాయిలు పంచుకున్నాం. ఆ హోదా ఒక తరగతి గదిలో, ఒక ప్రెస్సు పక్కన వినిపిస్తే మాకు ఇంకా సంతోషం. ఒక పేజీ చాలు: ఏ రేసు మీద బలం పెట్టాలో చూపించే రెండు బొమ్మలు, నాలుగు హెచ్చరికలు, మూడు భాషల్లో. ప్రతి గ్యారేజీ గోడకూ అంటించుకుంటాం. తెలుగు పాఠం నేను రాసిస్తాను. మీ ఫిట్టర్లు దిద్దితే చాలు.

విశ్వకర్మ పూజకు గ్యారేజీల వాళ్ళు పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు. ఆ తర్వాతి వారం పని కొంచెం పలచగా ఉంటుంది, దుర్గాపూజ ప్రయాణాల రద్దీ ఇంకా మొదలవదు. మొదటి తరగతికి ఆ వారం బాగుంటుంది. పాత నకిలు, హబ్బు, బేరింగులు మేమే తెస్తాం. రావడానికి ఒప్పుకున్న మెకానిక్కుల పేర్లు, వాళ్ళకు వీలయ్యే రోజులు రాసి, ఈ లేఖ హిందీ, బెంగాలీ ప్రతులతో కలిపి మీ ఆఫీసులో ఇస్తాను. ఏ సాయంత్రం రమ్మంటారో కబురు చేయండి.

ఇట్లు,
వర్క్‌షాప్ ఫిట్టరు మనవడు,
మలంచా, ఖరగ్‌పూర్.